కొలిమి తిత్తి ఊదిన కుర్రవాడు



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. కరువు భత్యం గురించి, వేతన సవరణ గురించి, నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్టు గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు ఆ లెక్కలు అంతగా తెలియవు. నాకు తెలిసింది సైకిలు. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో మొదటి ఇరవై ఏళ్లు దాని మీదే గడిచాయి. మీలో చాలామందికీ అంతే కదా! అందుకని ఒక సైకిలు మనిషి చరిత్ర రాస్తున్నాను. అతడు మన దేశస్థుడు కాడు, ఫ్రాన్సు దేశస్థుడు. అయినా చదివాక మన మనిషే అనిపిస్తాడని నా నమ్మకం.

ఈ ఆసక్తి నాకు మా మనవడి వల్ల కలిగింది. వాడికి గేర్ల సైకిలు కొన్నారు. ఒకరోజు వాడు నన్ను, "తాతయ్యా, మీ సైకిలుకి ఎన్ని గేర్లు ఉండేవి?" అని అడిగాడు. "ఒకటే నాన్నా, ఎదురుగాలి వస్తే అదీ లేనట్టే ఉండేది" అన్నాను. వాడు జూలై నెలలో టీవీలో టూర్ డి ఫ్రాన్స్ పందెం చూస్తుంటాడు. అందులో అందరికన్నా ముందున్న ఆటగాడికి పసుపు రంగు జెర్సీ తొడుగుతారు. "అది మొదట ఎవరికి తొడిగారు?" అన్నాడు వాడు. నాకు తెలియదు. తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను. అలా దొరికాడు యూజీన్ క్రిస్టోఫ్.

పత్రికల పోటీలో పుట్టిన పందెం

ముందుగా ఆ పందెం సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. 1903 లో పారిస్‌లో లోటో అనే క్రీడాపత్రిక ఉండేది. పోటీ పత్రికను దెబ్బతీసి తన అమ్మకాలు పెంచుకోవడానికి అది దేశమంతా చుట్టి వచ్చే సైకిలు పందెం పెట్టింది. ఆ పత్రిక సంపాదకుడు హెన్రీ దెగ్రాంజ్. మొదటి ఏడాది 60 మంది బయలుదేరారు. ఆరు మజిలీలు, మొత్తం 2,428 కిలోమీటర్లు. చివరిదాకా నిలిచినవారు 21 మంది. గెలిచిన మారిస్ గారిన్ అంతకుముందు ఇళ్ల పొగగొట్టాలు శుభ్రం చేసి పొట్ట పోసుకున్నవాడు.

ఆ రోజుల్లో సైకిలు పందేల్లో దిగినవారు ఎక్కువగా ఇలాంటి కాయకష్టం చేసేవారే. సైకిలు కంపెనీలు తమ సరుకు ప్రచారం కోసం వీరిని జీతానికి పెట్టుకునేవి. గెలిస్తే బహుమతి సొమ్ము, కంపెనీ ఇచ్చే అదనపు సొమ్ము. ఓడితే జీతంతో సరి. పింఛను, గ్రాట్యుటీ వంటి మాటలు వారి జీవితంలో లేవు. కాళ్లలో సత్తువ ఉన్నన్నాళ్లే ఉద్యోగం.

దెగ్రాంజ్ గారు నియమాల విషయంలో మహా కఠినుడు. పందెగాడు ఒంటరిగా పోరాడాలి, యంత్రం చెడితే తానే బాగుచేసుకోవాలి, ఇంకొకరి చెయ్యి తగలకూడదు అన్నది ఆయన సిద్ధాంతం. గేర్లు మార్చే యంత్రాన్ని కూడా ఆయన చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. ఆ పందెంలో దానికి అనుమతి దొరికింది 1937 లోనే. అంతవరకు కొండ రాగానే సైకిలు దిగి, వెనక చక్రం ఊడదీసి, రెండో పక్కనున్న పళ్లచక్రం వైపు తిప్పి బిగించుకోవాల్సిందే. దిగుడు వచ్చాక మళ్లీ అదే పని.

తాళాల పనివాడు

యూజీన్ క్రిస్టోఫ్ 1885 జనవరి 22 న జన్మించాడు. పారిస్ ప్రాంతంవాడు. తాళాలు, ఇనుప సామాను చేసే పని నేర్చుకున్నాడు. ఆకురాయి పట్టడం, ఇనుము కాల్చి సాగదీయడం, అతకడం అతని చేతికి అలవాటైన విద్యలు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరపడుతుంది. ఒత్తుగా పెరిగిన మీసాల వల్ల జనం అతన్ని "ముసలి గాల్" అని ముద్దుగా పిలిచేవారు. గాల్‌లు అంటే ఫ్రెంచివారి పూర్వీకులు.

1906 లో మొదటిసారి టూర్‌లో దిగి తొమ్మిదో స్థానంలో ముగించాడు. బురదలో, పొలాల్లో, సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తే సైక్లో క్రాస్ అనే మరో పందెం ఉంది. అందులో 1909 నుంచి 1914 వరకు వరుసగా ఆరేళ్లు, ఆ తర్వాత 1921 లో మరోసారి ఫ్రాన్సు జాతీయ విజేత అతడే. సైకిలు మనిషిని మోయడం అందరికీ తెలుసు. సైకిలును మనిషి మోయడంలో ఆరితేరినవాడు క్రిస్టోఫ్.

అతని మొండితనం లోకానికి తెలిసింది 1910 ఏప్రిల్ 3 న. ఇటలీలో మిలాన్ నుంచి సాన్ రెమో దాకా జరిగే పందెం అది. దూరం 290 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ ఏడాది దారిలోని తుర్కీనో కనుమ మీద మంచు పడింది. అరవై మందికి పైగా బయలుదేరితే, పందెం పూర్తిచేసినవారిగా చివరికి నమోదైనవారు నలుగురే. క్రిస్టోఫ్ వేళ్లు కొయ్యబారి, కడుపులో నొప్పి వచ్చి, దారి పక్కన ఆగిపోయాడు. ఒక పూటకూళ్లాయన అతన్ని లోపలికి తీసుకువెళ్లి, తడిబట్టలు విప్పించి, దుప్పటి కప్పాడు. కాస్త వేడి ఎక్కగానే క్రిస్టోఫ్ లేచి, ఆయన వద్దంటున్నా వినకుండా మళ్లీ సైకిలెక్కాడు. ముందున్నవారందరినీ దాటి, పన్నెండు గంటలకు పైగా తొక్కి, మొదటివాడుగా చేరాడు. తర్వాతివాడుగా నమోదైన మనిషికీ అతనికీ మధ్య గంటకు పైగా తేడా. ఆ గెలుపు ఖరీదు నెలరోజుల ఆసుపత్రి. పూర్తి ఆరోగ్యం చిక్కడానికి రెండేళ్లు పట్టింది.

1912 టూర్‌కి తేరుకున్నాడు. వరుసగా మూడు మజిలీలు గెలిచాడు. అందులో షమోని నుంచి గ్రెనోబుల్ వరకు 366 కిలోమీటర్ల మజిలీ ఒకటి. దానిలో 315 కిలోమీటర్లు ఒక్కడే, పక్కన మనిషి లేకుండా తొక్కాడు. అయినా టూర్ గెలవలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో విజేతను గంటలు, నిమిషాల లెక్కన కాక, మజిలీల్లో వచ్చిన స్థానాలకు పాయింట్లు వేసి నిర్ణయించేవారు. ఆ లెక్కలో బెల్జియం దేశపు ఒడీల్ డెఫ్రే మొదటివాడయ్యాడు, క్రిస్టోఫ్ రెండోవాడయ్యాడు. మరుసటి ఏడాది పాయింట్ల పద్ధతి తీసేసి కాలం లెక్క తెచ్చారు. ప్రమోషన్ల నిబంధనలు మనకు ఒక ఏడాది ఆలస్యంగా మారిన సందర్భాలు మనలో ఎందరికి తెలియవు!

1913 జూలై 9

ఇప్పుడు అసలు కథకు వస్తున్నాను.

1913 టూర్‌లో ఆరో మజిలీ, బయోన్ నుంచి లూషాన్ దాకా, పిరనీస్ పర్వతాల మీదుగా 326 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరారు. ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ తూర్మలె, సముద్రమట్టానికి 2,115 మీటర్లు. టూర్ ఆ కొండ ఎక్కడం మొదలైంది 1910 లో. అప్పటికి అవి మట్టి, రాళ్ల బాటలు.

బయలుదేరేటప్పటికి మొత్తం మీద ముందున్నవాడు డెఫ్రే. క్రిస్టోఫ్ రెండోవాడు. ఆ రోజు కొండల్లో డెఫ్రే బాగా వెనకబడి, చివరికి పందెం మానుకున్నాడు. అంటే తూర్మలె శిఖరం దగ్గర లెక్క చూస్తే క్రిస్టోఫే అందరికన్నా ముందు. ఎక్కుడు అయిపోయింది, ఇక దిగుడు. 28 ఏళ్ల మనిషి, ప్యూజో కంపెనీ తరఫున తొక్కుతున్నాడు, ఆరోగ్యం బాగుంది, ప్రత్యర్థి లేడు. గెలుపు చేతికి అందేంత దూరంలో ఉంది.

ఆ దిగుడులో అతని సైకిలు ముందు ఫోర్కు విరిగింది.

సైకిలు తొక్కినవారికి వేరే చెప్పక్కర్లేదు. పంక్చరు పడితే అతుకు వేసుకోవచ్చు, చైను తెగితే కలుపుకోవచ్చు. ఫోర్కు విరిగితే అది సైకిలు కాదు, ఇనుప కట్టె. వేరే సైకిలు తీసుకోవడానికి నియమం ఒప్పుకోదు. వెనక నుంచి వస్తున్నవారు ఒక్కొక్కరే దాటిపోతుంటే, క్రిస్టోఫ్ సైకిలు భుజాన వేసుకుని, విడిపోయిన చక్రం చేత్తో పట్టుకుని, కొండ దిగడం మొదలుపెట్టాడు. పది కిలోమీటర్లకు పైగా నడక. దారిలో ఏడ్చానని తర్వాత అతడే చెప్పుకున్నాడు.

కొండ కింద సెంట్ మరీ ద కాంపాన్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ ఒక అమ్మాయి అతన్ని కమ్మరి కొలిమి దగ్గరకు తీసుకువెళ్లింది. కమ్మరి పేరు లెకోంత్. మంచివాడు, నేను అతుకుతానని ముందుకు వచ్చాడు. వెంట వచ్చిన పందెం అధికారులు కుదరదన్నారు. కొలిమి వాడుకోవచ్చు, పని మాత్రం పందెగాడే చేసుకోవాలి. ప్రత్యర్థి కంపెనీల మనుషులు కూడా కళ్లప్పగించి కాపలా కాశారు.

అప్పుడు పనికి వచ్చింది ఆ తాళాల విద్య. క్రిస్టోఫ్ ఇనుప గొట్టం ముక్క తీసుకుని, కాల్చి, కొట్టి, ఆకురాయితో అరగదీసి, విరిగిన ఫోర్కును తన చేతులతో అతుక్కున్నాడు. కమ్మరి పక్కన నిలబడి నోటితో సలహా చెప్పవచ్చు, చెయ్యి పెట్టకూడదు. మూడు గంటలు దాటింది. కాపలా ఉన్న అధికారి ఒకాయనకు ఆకలి వేసి ఏదైనా తినడానికి వెళ్లబోతే, ఆకలైతే ఇక్కడున్న బొగ్గులు తినండి, నేను మీ ఖైదీని, చివరిదాకా మీరు నాకు కాపలా ఉండాల్సిందే అన్న అర్థంలో క్రిస్టోఫ్ కసిరాడని చెబుతారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. కమ్మరం చేయడానికి మనిషికి రెండు చేతులే ఉంటాయి. ఒక చేత్తో పట్టకారు, ఒక చేత్తో సుత్తి. మరి నిప్పుకు గాలి ఎవరు ఊదాలి? అక్కడ కోర్నీ అనే కుర్రవాడు ఉన్నాడు. వాడు తిత్తి ఊదాడు.

అధికారులు ఆ సంగతి నమోదు చేశారు. ఇతరుల సహాయం పొందినందుకు పది నిమిషాల శిక్ష వేశారు. ఆ తర్వాత దాన్ని మూడు నిమిషాలకు తగ్గించారు.

ఫోర్కు అతుక్కుని, సైకిలు బిగించుకుని, క్రిస్టోఫ్ మళ్లీ బయలుదేరాడు. ఇంకా ఆస్పాన్, పేర్‌సూర్ద్ అనే రెండు కనుమలు మిగిలి ఉన్నాయి. రెండూ ఎక్కి దిగాడు. ఆ మజిలీ గెలిచిన ఫిలిప్ టీస్ తర్వాత 3 గంటల 50 నిమిషాలకు లూషాన్ చేరాడు. టీస్ ఆ ఏడాది టూర్ గెలిచాడు. క్రిస్టోఫ్ పారిస్ దాకా తొక్కి ఏడో స్థానంలో ముగించాడు.

లెక్క చూడండి. దాదాపు నాలుగు గంటలు పోయిన మనిషికి మూడు నిమిషాలు ఎంత? పందెం ఫలితంలో ఏ మార్పూ లేదు. అయినా నూరేళ్లు దాటాక ఈ కథ చెప్పేవారు ఎవరూ ఆ శిక్షను విడిచిపెట్టరు. ఆ మాట దగ్గరకు మళ్లీ వస్తాను.

పసుపు జెర్సీ

1914 టూర్‌లో పదకొండో స్థానం. పందెం ముగిసిన కొద్ది రోజులకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. టూర్ విజేతలే ముగ్గురు, ఫ్రాన్సువా ఫాబెర్, ఒక్తావ్ లాపిజ్, లూసియెన్ పెటి బ్రెతోన్, ఆ యుద్ధకాలంలో మరణించారు. క్రిస్టోఫ్ బతికాడు. కానీ 29 నుంచి 34 వరకు, పందెగాడికి బంగారం లాంటి ఏళ్లు, యుద్ధం మింగేసింది.

1919 లో పందెం మళ్లీ మొదలైంది. మొత్తం 5,560 కిలోమీటర్లు. యుద్ధంలో రోడ్లు ధ్వంసమయ్యాయి, టైర్లకు కరువు. సైకిలు కంపెనీలన్నీ విడివిడిగా జట్లు నడపలేక ఒకే పేరు కింద కలిశాయి. దానితో చాలామంది ఒకే రకం బూడిద రంగు చొక్కాల్లో కనిపించేవారు. ముందున్నవాడెవరో జనానికి తెలియడం లేదు. అందుకని ముందున్నవాడికి వేరే రంగు జెర్సీ ఇవ్వాలని నిర్ణయించారు. లోటో పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది. ఆ రంగే జెర్సీకి తీసుకున్నారు. 1919 జూలై 19 న గ్రెనోబుల్‌లో దాన్ని క్రిస్టోఫ్‌కి ఇచ్చారు. మా మనవడి ప్రశ్నకు ఇదీ జవాబు.

క్రిస్టోఫ్‌కి అది ఏమంత నచ్చలేదట. దారి పొడుగునా జనం పసుపు పిట్ట వచ్చిందని ఆటపట్టించారు.

ఆ ఏడాదీ గెలుపు దగ్గరకే వచ్చింది. చివరి మజిలీకి ముందుది మెట్జ్ నుంచి డంకర్క్ దాకా 468 కిలోమీటర్లు. బయలుదేరేటప్పుడు రెండోవాడికన్నా 28 నిమిషాలు ముందున్నాడు. రెండు రోజులు నిలబెట్టుకుంటే చాలు. ఉత్తర ఫ్రాన్సులో వలాంసియెన్ పట్టణం దగ్గర, రాళ్లు పరిచిన రోడ్డు మీద, మళ్లీ ఫోర్కు విరిగింది. మళ్లీ పనిచోటు వెతుక్కుని మళ్లీ తన చేతులతోనే అతుక్కున్నాడు. రెండు గంటలకు పైగా వెనకబడ్డాడు. పసుపు జెర్సీ బెల్జియం దేశపు ఫిర్మిన్ లాంబోకు పోయింది. ఆయనే గెలిచాడు. క్రిస్టోఫ్ మూడోవాడు. అరవై మందికి పైగా బయలుదేరిన ఆ పందెంలో చివరకు లెక్కకు నిలిచినవారు పదిమంది.

ఈసారి జనం ఊరుకోలేదు. క్రిస్టోఫ్ కోసం లోటో పత్రిక చందాలు స్వీకరించింది. చిల్లర డబ్బులు పంపిన సామాన్యుల నుంచి 500 ఫ్రాంకులు ఇచ్చిన రోత్‌షీల్డ్ వంశపు ధనికుడి దాకా ఎందరో పంపారు. దాతల పేర్లు అచ్చువేయడానికి పేజీలకు పేజీలు పట్టింది. మొత్తం 13 వేల ఫ్రాంకులు దాటింది. విజేతకు ఇచ్చిన మొదటి బహుమతి 5 వేలు. ఓడినవాడికి గెలిచినవాడికన్నా రెండింతలకు పైగా ముట్టిందన్న మాట. ఏ నియమావళిలోనూ లేని బహుమతి అది.

1920 లో పారిస్-టూర్, బోర్డో-పారిస్ అనే రెండు పెద్ద పందేలు గెలిచాడు. 1922 లో 37 ఏళ్ల వయసులో మళ్లీ పసుపు జెర్సీ తొడిగాడు. అంత వయసులో దాన్ని తొడిగినవాడు ఇంకొకరు లేరు. ఆ ఏడాది ఆల్ప్స్ పర్వతాల్లో గాలిబియే కనుమ దిగుతుంటే మూడోసారి ఫోర్కు విరిగింది. రాసిన నేనే నమ్మలేకపోతున్నాను, కానీ నిజం. ఎనిమిదో స్థానంలో ముగించాడు. 1925 లో నలభై ఏళ్లకు ఆఖరి టూర్ తొక్కి పద్దెనిమిదోవాడుగా పారిస్ చేరాడు. పదకొండు టూర్లు మొదలుపెట్టి ఎనిమిది పూర్తిచేశాడు. ఒక్కటీ గెలవలేదు. 1926 లో వృత్తి నుంచి విరమించాడు.

పెడలు మీంచి పాదం జారకుండా పట్టి ఉంచే ఇనుప క్లిప్పులు అతని పేరుతోనే దశాబ్దాల పాటు అమ్ముడయ్యాయి. అతని సంగతి ఏమీ తెలియని కుర్రవాళ్లు కూడా క్రిస్టోఫ్ క్లిప్పులు బిగించుకున్నారు. సెంట్ మరీ ద కాంపాన్ పల్లెలో కొలిమి ఉన్న చోట గోడకు శిలాఫలకం పెట్టారు. ఆ కార్యక్రమానికి క్రిస్టోఫ్‌ను కూడా పిలిచారు. 1970 ఫిబ్రవరి 1 న, 85 ఏళ్ల వయసులో, పారిస్‌లో కన్నుమూశాడు.

నా సంజాయిషీ

ఇంతవరకు రాసి ఆపవచ్చు. కానీ ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పకపోతే వ్యాసం పూర్తి కాదు.

1974 లో నేను ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాను. ఆఫీసు పేరు ఎందుకు లెండి. నెలాఖరు లెక్కల కట్ట సాయంత్రం ఐదు గంటల్లోగా పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న పై ఆఫీసుకు చేర్చాలి. ప్రభుత్వ కాగితాలు అనుమతి లేకుండా ప్రైవేటు వాహనంలో తీసుకుపోకూడదని మాకు నియమం. ఆ రోజు వాన. సగం దారిలో నా సైకిలు ముందు చక్రం గోతిలో పడి వంకర తిరిగింది. కాగితాల కట్ట చొక్కా లోపల పెట్టుకుని, సైకిలు భుజాన వేసుకుని, వాగు దాటాను. ఐదారు కిలోమీటర్లు నడిచాను. ఇక కాళ్లు రాలేదు.

వెనక నుంచి బొగ్గుల లారీ ఒకటి వచ్చింది. ఆపమని నేను చెయ్యెత్తలేదు. క్లీనరు కుర్రవాడే డ్రైవరుకు చెప్పి ఆపించాడు. పదమూడు, పద్నాలుగేళ్లు ఉంటాయేమో. "సైకిలు నాకివ్వండి సారూ" అని పైకి లాక్కుని, నా చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. తన గోనెపట్టా నా నెత్తిన కప్పాడు. ఊరి మొదట దింపి, డబ్బులు ఇవ్వబోతే తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఆఫీసు చేరేసరికి ఐదూ నలభై.

మర్నాడు ఆలస్యానికి మెమో వచ్చింది. సంజాయిషీలో నేను మొత్తం దారి నడిచే వచ్చానని రాశాను. లారీ మాట రాస్తే నియమం ఉల్లంఘించినట్టు అవుతుంది, ఇంక్రిమెంటు పోతుందేమోనని భయం. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. పై అధికారి నమ్మారు. మెమో ఉపసంహరించడమే కాక, సిబ్బంది సమావేశంలో నన్ను నిలబెట్టి, కర్తవ్యనిష్ఠ అంటే ఇదీ అని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ చేతులు జోడించి నమస్కారం పెట్టాను. నా పదవీ విరమణ సభలో కూడా ఒక మిత్రుడు ఆ ముచ్చట చెప్పారు. మా ఆవిడ ఇప్పటికీ బంధువులకు చెబుతుంది.

క్రిస్టోఫ్‌కు పడిన పది నిమిషాల శిక్ష గురించి చదివినప్పుడు మొదట నాకూ కోపం వచ్చింది. ఇదేం నియమమండీ, కుర్రవాడు గాలి ఊదితే నేరమా అనుకున్నాను. నియమం కఠినమే, సందేహం లేదు. కాలక్రమాన అది పోయింది కూడా. ఇవాళ పందెంలో సైకిలు విరిగితే వెనక వచ్చే జట్టు కారు మీంచి ఇంకొకటి దింపి ఇస్తారు. కానీ ఆలోచించగా ఇంకొకటి తోచింది. ఆ శిక్ష రాసినందువల్లే కోర్నీ పేరు నిలిచింది. నియమపుస్తకం దృష్టిలో అది తప్పు. చరిత్రకు మాత్రం అది సాక్ష్యం. నాలుగు గంటల కష్టంలో ఒక కుర్రవాడి చెయ్యి కూడా ఉందని లోకం ఒప్పుకున్న కాగితం అది.

నా కాగితంలో ఆ చెయ్యి లేదు. నేనే తీసేశాను. ఆ కుర్రవాడి పేరు అడగలేదు, అడిగినా రాసేవాణ్ణి కాదు. బతికి ఉంటే ఇప్పుడు అరవై దాటి ఉంటాడు. లారీ క్లీనరుకు పింఛను ఎక్కడిది? వానలో తన గోనెపట్టా ఇచ్చి తాను తడిసిన పిల్లవాడిని లెక్కలోంచి కొట్టేసి, ఆ మెప్పు యాభై ఏళ్లుగా నేను అనుభవిస్తున్నాను.

పింఛను దాతల దయ కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17 న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును తలుచుకుని మనం ఈ రోజు జరుపుకుంటున్నాం. మంచిదే. మన ముప్ఫై, ముప్ఫై ఐదేళ్ల సర్వీసు మన కష్టమే. కాని ఆ సర్వీసు రిజిస్టరులో ఎక్కని చేతులు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి తలుచుకుందాం. పడవ దాటించినవారు, రాత్రి పొద్దుపోతే అరుగు మీద పడుకోనిచ్చి అన్నం పెట్టినవారు, ఫైళ్లు తడవకుండా తాటాకు గొడుగు పట్టినవారు. పేర్లు గుర్తుంటే పిల్లలకు చెప్పండి, వీలైతే ఈ పత్రికకు రాయండి. గుర్తు లేకపోతే నాలాగా, లేదని రాయండి.

మా మనవడికి ఈ కథంతా చెప్పాను, నా సంజాయిషీతో సహా. వాడు కాసేపు ఊరుకుని, "అయితే మీకు ఎన్ని నిమిషాలు శిక్ష తాతయ్యా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

ఈ ప్రత్యేక సంచిక ద్వారా 1974 నాటి నా సంజాయిషీని ఇలా సవరించుకుంటున్నాను. ఆనాడు నేను మొత్తం దారి నడవలేదు. ఒక కుర్రవాడు చెయ్యి అందించాడు.